స్వచ్ఛంద విజ్ఞానసర్వస్వమున వ్యాసస్వీకారము: చరిత్ర పరిశీలనము

విజ్ఞానసర్వస్వమున ఏ విషయమునకు చోటీయవలెను, ఏ విషయమునకు ఈయరాదు అను నిర్ణయము ఎవరిది? ముద్రితములైన విజ్ఞానసర్వస్వములలో ఈ ప్రశ్నకు సమాధానము సులభము. అది సంపాదకునిది. 2001 జనవరి 15వ తేదీన ప్రారంభమైన వికీపీడియా యందు సంపాదకుడను పేరిట నొక వ్యక్తి లేడు. అంతర్జాలమును ఉపయోగింపగల యెవ్వరైనను అందు వ్రాయవచ్చును, ఇతరులు వ్రాసినదానిని దిద్దవచ్చును. అయినను అచ్చట క్రొత్తగా వ్రాయబడిన వ్యాసములన్నియు నిలుచుట లేదు. కొన్ని గంటలలోనే తొలగింపబడునవి అనేకములు. చిత్తుప్రతులుగానే మిగిలిపోవునవి మరియు ననేకములు. సంపాదకుడు లేనిచోట తిరస్కార మెట్లు పుట్టినది? స్వీకారమునకు ప్రమాణమేది? ఆ ప్రమాణము తెలుగువంటి భాషకు ఎంతవరకు అనుకూలము? వీనిని చరిత్రక్రమమున పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. విశ్వవిద్యాలయములలో పరిశోధనము చేయువారికి ఇది పరాయి విషయము కాదని ముందే మనవి చేయుచున్నాను. కారణము క్రమముగా తెలియగలదు.

తెలుగున ఈ ప్రక్రియకు ఆద్యులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులైన ఆయన, తరువాతి దశాబ్దమున ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును ఆరంభించి మూడు సంపుటములు వెలువరించిరి. అవి అకారమును దాటకమునుపే 1923లో ఆయన కీర్తిశేషులైరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి; 1938లో వారును గతించిరి. స్వాతంత్ర్యానంతరము తెలుగు భాషాసమితి విషయానుసారముగా విజ్ఞానసర్వస్వ సంపుటములను ప్రకటించినది. హైదరాబాదునుండి ఖండవల్లి లక్ష్మీరంజనముగారి ప్రధాన సంపాదకత్వమున 1958 మొదలు సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశము అకారాది క్రమమున వెలువడినది. వీని విషయవిభాగము వేరైనను కార్యపద్ధతి యొక్కటియే. మొదట శీర్షికల పట్టిక సిద్ధమగును. ఒక్కొక్క శీర్షికకు తగిన విద్వాంసుని ఎన్నుకొందురు. ఆయన వ్రాసి పంపినదానిని సంపాదకవర్గము పరిష్కరించును. అనగా చోటు దొరకుట మొదట, వ్యాసము వ్రాయబడుట తరువాత. చోటు దొరకని విషయము యొక్క గోడు ఎవరికిని వినబడదు; ఏలయన దానిపై వ్యాసమే పుట్టలేదు.

వికీపీడియా ఈ క్రమమును తలక్రిందులు చేసినది. అచ్చట వ్యాసము ముందు పుట్టును. అది యుండదగునా యను ప్రశ్న తరువాత పుట్టును. కావుననే తిరస్కారము బహిరంగమైనది, రచయితకు బాధాకరమైనది. ముద్రిత సర్వస్వముల సంపాదకులు మనసులోనే త్రోసిపుచ్చిన విషయములకు లెక్కలేదు. వికీపీడియా తొలగించిన ప్రతి వ్యాసమునకును తేదీతో, కారణముతో కూడిన చిట్టా కలదు. ఆ సంస్థపై వచ్చు నిందలో కొంత ఈ బహిరంగత వలన కలిగినదే యని నాకు తోచుచున్నది.

ఈ పరిణామము ఒక్కసారిగా జరిగినది కాదు. వికీపీడియాకు పూర్వము నూపీడియా అను ప్రయత్న మొకటి కలదు. అమెరికాలో జిమ్మీ వేల్స్ యాజమాన్యమున 2000 మార్చిలో అది ప్రారంభమైనది. తత్త్వశాస్త్రమున పట్టభద్రుడైన లారీ సాంగర్ దానికి ప్రధాన సంపాదకుడు. ఉచితముగా లభింపవలెను, స్వచ్ఛందముగా వ్రాయబడవలెను, అయినను పాండిత్యమున ముద్రిత గ్రంథములకు తీసిపోరాదు అనునది వారి సంకల్పము. దానికై ఏడంచెల పరీక్షను ఏర్పరచిరి. రచయితకు విషయమును అప్పగించుట, ప్రధాన సమీక్షకుని వెదకుట, ఆయన సమీక్ష, అందరి యెదుట బహిరంగ సమీక్ష, భాషాపరిష్కారము, దానిపై మరల బహిరంగ పరిష్కారము, తుది యామోదము అని యీ యంచెలు. సమీక్షకులు ఆయా శాస్త్రములలో ఉన్నతపట్టములు గలవారై యుండవలెనని కోరిరి. ఫలితమేమి? తొలి యామోదము పొందినది సంగీతశాస్త్రమునకు చెందిన వ్యాసము. 2003లో నూపీడియా మూతపడునాటికి ఏడంచెలను దాటి బయటపడినవి సుమారు 25 వ్యాసములు మాత్రమే. విద్వాంసులకు వేతనము లేదు, తొందర లేదు. ఒక్కొక్క యంచెలో ఒక్కొక్కరు ఆలసించినను వ్యాసము అచ్చటనే నిలిచిపోవును. లక్ష్మణరావుగారి సర్వస్వము అకారముతో ఆగుటకు మృత్యువు కారణము. నూపీడియా ఆగుటకు పద్ధతియే కారణము.

ఈ ప్రతిష్టంభనమును తొలగించుటకై 2001 జనవరిలో సాంగర్ ఒక యుపాయమును సూచించెను. వార్డ్ కనింగ్‌హామ్ 1995లో రూపొందించిన వికీ యను సాధనముండెను. దానితో ఏ పుటనైనను చదువరియే అప్పటికప్పుడు మార్పగలడు. చిత్తుప్రతులను ఆ విధముగా త్వరగా తయారుచేసి, బాగున్నవానిని నూపీడియా పరీక్షకు పంపవలెనని ఆయన తలంపు. నూపీడియా సమీక్షకులకు ఈ బహిరంగ పద్ధతి రుచింపలేదు. కావున దానిని వేరుపేరుతో వేరుచోట నుంచిరి. చిత్తుప్రతుల కొట్టముగా పుట్టినది ఒక్క సంవత్సరమున సుమారు 20,000 వ్యాసముల గ్రంథమైనది. దాసి రాణియై, రాణి మరుగుపడినది. సాంగర్ 2002లో ఆ పనిని వీడి, తరువాత 2007లో సిటిజెండియమ్ అను మరియొక సర్వస్వమును తెరచెను. అచ్చట రచయితలు నిజనామములతో వ్రాయవలెను, నిపుణులు ఆమోదింపవలెను. అదియు పెరుగలేదు. ఆమోదముద్ర పొందిన వ్యాసములు అత్యల్పములు. ఒకే వ్యక్తి రెండుమార్లు చేసిన యీ ప్రయోగము వలన, స్వచ్ఛంద కృషియందు ద్వారమున విద్వత్పరీక్ష నుంచినచో లోనికి వచ్చువారే యుండరని స్పష్టమగుచున్నది.

తొలినాళ్లలో వికీపీడియాకు ద్వారమే లేదని చెప్పవచ్చును. పేరు నమోదు చేసికొనకయే ఎవ్వరైనను క్రొత్త వ్యాసమును ప్రారంభింపగలిగిరి. 2002లో రాంబాట్ అను స్వయంచాలక ప్రోగ్రాము అమెరికా జనగణన పట్టికలనుండి సుమారు 30,000 పట్టణములకును పల్లెలకును వ్యాసములను సృష్టించెను. వానిలో జనసంఖ్య, వైశాల్యము, ఆదాయవివరములు తప్ప వేరేమియు లేదు. వీనిని విజ్ఞానసర్వస్వ వ్యాసము లనవచ్చునా యను వాదము బయలుదేరినది. ఈ సంఘటనమును పాఠకులు జ్ఞాపకమున నుంచుకొనవలెను. తెలుగునకు వచ్చినప్పుడు దీనితో పనియున్నది.

ద్వారము లేనిచోట అభిప్రాయభేదము లెట్లు తీరవలెను? వ్రాసినవాడెవడో తెలియదు. కాదన్నవాడెవడో తెలియదు. ఇరువురి పాండిత్యమును తూచుటకు తక్కెడ లేదు. అట్టిచోట ఇరువురును చూడగలిగినది, ఇరువురికిని వెలుపల నున్నది ఒక్కటే: మునుపే ప్రకటితమైన గ్రంథము. దీనినుండి మూడు సూత్రములు క్రమముగా స్థిరపడినవి. వ్రాసినది నిర్ధారింపదగినదై యుండవలెను, తటస్థదృష్టితో నుండవలెను, మౌలిక పరిశోధనము కారాదు. వీనికి తోడు విషయప్రాముఖ్యమను నాలుగవది 2006 ప్రాంతమున నియమరూపమును దాల్చినది. ఒక విషయమునుగూర్చి, ఆ విషయముతో సంబంధము లేని, విశ్వసింపదగిన గ్రంథములలోనో పత్రికలలోనో తగినంత విపులమైన ప్రస్తావన యున్నచో ఆ విషయమునకు ప్రత్యేకవ్యాసము నుంచవచ్చును. లేనిచో లేదు.

ఇందు ప్రాముఖ్యమను మాట లోకమందలి యర్థమున వాడబడలేదు. ఇది అర్హతను కొలుచుట కాదు. గొప్ప కవి కావచ్చును. గ్రామమున కెల్ల ఉపకారియైన వైద్యుడు కావచ్చును. వారినిగూర్చి ఇతరులు వ్రాసి ప్రకటింపనిచో ఈ నియమమున వారు ప్రముఖులు కారు. నీచకృత్యముల వలన పత్రికలకెక్కినవాడు ప్రముఖుడే. కొందరు దీనిని అన్యాయమందురు. వ్యక్తి యోగ్యతను నిర్ణయించు నధికారము మాకు లేదు, ఇతరులు వ్రాసినదానిని సంగ్రహించుటయే మా పని యని నియమకర్తల సమాధానము. ఆ సమాధానమున వినయము కలదు. ఆ వినయము చాటున బాధ్యతను దించుకొనుటయు కొంత కలదు. చేర్పువాదులు, తొలగింపువాదులు అని రెండు పక్షము లేర్పడి యీ విషయమున సంవత్సరములతరబడి వాదించుకొనిరి. ఆ వాదముల వివరములు గ్రంథవిస్తరభీతిచే విడిచిపెట్టుచున్నాను. వానిలో కొన్ని మన పండితుల అరసున్న వివాదములకంటెను దీర్ఘములు.

2005లో జరిగిన యొక సంఘటనము ఈ చరిత్రను మలుపు త్రిప్పినది. ఆ సంవత్సరము మే నెలలో పేరు తెలుపని వ్యక్తి యొకడు జాన్ సీగెన్‌థాలర్ అను అమెరికా పత్రికాసంపాదకునిపై క్రొత్త వ్యాసమును సృష్టించి, కెన్నెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధమున్నదన్న యనుమానము కలిగెనని వ్రాసెను. సీగెన్‌థాలర్ రాబర్టు కెన్నెడీ వద్ద పనిచేసిన యాప్తుడు. ఈ యబద్ధము నాలుగు మాసములకు పైగా ఎవరి కంటను పడక నిలిచినది. నవంబరు 29న ఆయన యూ.ఎస్.ఏ. టుడే పత్రికలో తన యావేదనను ప్రకటించెను. డిసెంబరు తొలివారమున ఆంగ్ల వికీపీడియా, పేరు నమోదు చేసికొనని వారికి క్రొత్త వ్యాసములను సృష్టించు నధికారమును తొలగించెను. ఉన్న వ్యాసములను దిద్దు నధికారము మాత్రము యథాతథముగా నుంచిరి. అధికారము కోల్పోయినవారికొరకై వ్యాసార్థుల వరుస యొకటి యేర్పడినది. చిత్తుప్రతిని సమర్పించినచో అనుభవజ్ఞుడైన స్వచ్ఛందసేవకుడు చూచి, తగినదైనచో సర్వస్వమున చేర్చును. కానిచో కారణమును తెలిపి త్రిప్పిపంపును. నూపీడియాలో మూతపడిన ద్వారము ఇట్లు మరియొక రూపమున తెరచుకొన్నది. భేద మొక్కటే. అచ్చట సమీక్షకుడు విషయమును పరీక్షించెను. ఇచ్చట సమీక్షకునికి విషయము తెలియనక్కరలేదు. అతడు పరీక్షించునది ఆధారములను.

తరువాతి పరిణామములను సంగ్రహముగా చెప్పెదను. 2011లో ఆంగ్ల వికీపీడియా సముదాయము ఇంకొక నిర్బంధమును కోరెను: పేరు నమోదైనను నాలుగు దినములు గడచి, పది మార్పులైన చేసియున్నవారే వ్యాసమును నేరుగా సృష్టింపవలెను. సంస్థను నడుపు వికీమీడియా ఫౌండేషను, క్రొత్తవారు వెనుదీయుదురను భయముచే అంగీకరింపలేదు. 2013 డిసెంబరులో చిత్తుప్రతులకు ప్రత్యేక స్థానము కల్పింపబడినది. ఆరు మాసములు ఎవరును తాకని చిత్తుప్రతిని తొలగింపవచ్చునను నియమమును ఏర్పడినది. 2017 సెప్టెంబరు నుండి 2018 మార్చి వరకు ఆ పాత కోరికను ప్రయోగించి చూచిరి. 2018 ఏప్రిలులో స్థిరపరచిరి. ఇట్లు పదునేడు సంవత్సరములలో ద్వారము లేని యిల్లు, వాకిలి, నడవ, కాపరి గల యిల్లైనది.

ద్వారమున్నచోట దళారి పుట్టుట లోకసహజము. 2015 ఆగస్టు 31న ఆంగ్ల వికీపీడియా 381 ఖాతాలను నిషేధించి, 210 వ్యాసములను తొలగించినది. ఆరెంజ్‌మూడీ యను ఖాతా పేర ఈ వ్యవహారము ప్రసిద్ధమైనది. తిరస్కృతములైన చిత్తుప్రతులను వెదకి, ఆ వ్యాసవిషయములైన వర్తకులను, కళాకారులను సమీపించి, ధనమిచ్చినచో వ్యాసమును ప్రకటింతుమని, తరువాత దానిని తొలగింపకుండ కాచుటకై నెలకింతయని ఒక కూటము వసూలు చేసినది. తిరస్కరించువారు వేతనము లేనివారు. తిరస్కారమును విక్రయించువారు వేతనము గలవారు. ఉచితముగా లభించునదానికి వెల పుట్టెనన్న, ద్వారము ఎంత యిరుకైనదో తెలియుచున్నది. క్రొత్తవారి వ్యాసములను సమీక్షకులు అనుమానముతో చూచుటకు ఇట్టి వ్యవహారములు కొంతవరకు కారణములు. ఒక వ్యక్తినిగూర్చి స్తోత్రప్రాయముగ వ్రాయబడిన చిత్తుప్రతిని చూడగానే, ఇది శిష్యుని భక్తియా, దళారి పనియా అని వారు ముందుగా తర్కింతురు. మన సన్మానసంచికల శైలికి అలవాటుపడిన రచయితలు ఈ సంగతి నెరుగుట మంచిది.

ఇక ఈ ప్రమాణము యొక్క బలమును బలహీనతయు ఒక్కచోట చూపు నుదాహరణము డోనా స్ట్రిక్‌లాండ్ వృత్తాంతము. దీనిపై కొంత నిలువవలసియున్నది. ఆమె కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యురాలు. 1985లో జెరార్ మూరూతో కలసి, లేజరు స్పందములను ముందు సాగదీసి, పిదప శక్తిని పెంచి, తరువాత కుదించు విధానమును ప్రకటించెను. 2018 అక్టోబరు 2న ఆమెకును మూరూకును ఆర్థర్ ఆష్కిన్‌కును కలిపి నోబెల్ బహుమానము ప్రకటింపబడినది. భౌతికశాస్త్రమున స్త్రీకి నోబెల్ బహుమానము లభించుట 1963 తరువాత అదియే మొదలు. ఆ యుదయమున లోకము వికీపీడియాను తెరచి చూడగా మూరూపై వ్యాసము కలదు; స్ట్రిక్‌లాండ్‌పై లేదు. ఆ సంవత్సరము మార్చిలో ఆమెనుగూర్చి ఎవరో చిత్తుప్రతిని సమర్పించి యుండిరి. మే నెలలో సమీక్షకుడు, చూపబడిన యాధారములు ప్రాముఖ్యమును నిరూపింపజాలవని దానిని త్రిప్పిపంపెను. బహుమాన ప్రకటనము వెలువడిన రెండు గంటలలోపల వ్యాసము అవతరించినది.

పత్రికలు సమీక్షకుని తప్పుపట్టినవి. విచారించి చూచినచో విషయ మంత సరళము కాదు. చిత్తుప్రతిలో చూపబడిన యాధారములు ప్రధానముగా ఆమె పనిచేసిన, లేక ఆమె పదవి వహించిన సంస్థల ప్రకటనములు. అవి స్వతంత్రములు కావనుట సాధారణ నియమానుసారముగ సరియే. కాని విద్వాంసులకొరకు వికీపీడియాలో వేరుగా నొక నియమావళి కలదు. ప్రధానమైన విద్వత్సంస్థకు అధ్యక్షత వహించినవారు దాని ప్రకారము అర్హులు. స్ట్రిక్‌లాండ్ 2013లో అమెరికాలోని ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలు. కావున చోటీయుటకు నియమము లేకపోలేదు. ఆ నియమమును చిత్తుప్రతి రచయిత యెత్తి చూపలేదు, సమీక్షకుడు వెదకలేదు. వరుసలో వేచియున్న చిత్తుప్రతులు వేలకొలది యుండగా, చూపబడిన యాధారములను మాత్రమే చూచి తీర్పుచెప్పుట అలవాటగును. ఆధారమును వెదకు భారము వ్రాసినవానిదే యను నాచారము ఇట్లు బలపడినది.

అయినను అసలు లోపము ఇంతకంటె లోతైనది. వికీమీడియా ఫౌండేషను నాటి నిర్వాహకురాలు కేథరిన్ మేహర్, ఈ లోపము వికీపీడియాది మాత్రమే కాదు, లోకమునందలి పక్షపాతము అందు ప్రతిఫలించుచున్నదని వ్రాసినది. ఆనాడు ఆంగ్ల వికీపీడియాలోని జీవితచరిత్రలలో స్త్రీలవి సుమారు నూటికి 18 మాత్రమే. పత్రికలు స్త్రీశాస్త్రజ్ఞులను గూర్చి వ్రాయలేదు, విద్యాసంస్థలు సన్మానింపలేదు, వ్రాతయు సన్మానమును లేనందున ఆధారము లేదు, ఆధారము లేనందున వ్యాసము లేదు. ఈ వాదమున సత్యమున్నది. అయితే అద్దమునకు బాధ్యత లేదను మాట పూర్తిగా చెల్లదు. లోకమంతయు మొదట ఆ యద్దముననే చూచునపుడు, అందు కనబడనివారినిగూర్చి వ్రాయుటకు పత్రికలవారికిని తలంపు పుట్టదు. కారణము కార్యమై, కార్యము మరల కారణమగుచున్నది.

రాంబాట్ సృష్టించిన పల్లెలను ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ప్రభుత్వము గుర్తించిన జనావాసమునకు, దానినిగూర్చి మరేమియు వ్రాయబడకున్నను, ఆంగ్ల వికీపీడియాలో సామాన్యముగా చోటు దొరకును. జనగణన పట్టికయే దానికి సాక్షి. అట్లు నూరిండ్ల పల్లె నిరాటంకముగ ప్రవేశించిన ద్వారమున ఒక శాస్త్రజ్ఞురాలు నోబెల్ బహుమానము వచ్చునంతవరకు నిలువవలసివచ్చెను. నియమకర్తల యుద్దేశ మిది కాదు. ఏ రంగమున పట్టికలు సిద్ధముగ నుండునో ఆ రంగము నిండును. ఏ రంగమున లేవో అది కొరవడును.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైనది. నేడు అందలి వ్యాసములు లక్షకు పైబడినవి. తొలి దశాబ్దమున దాని విస్తరణమునకు ముఖ్యాంగములు రెండు: గ్రామములు, చలనచిత్రములు. మండలముల పట్టికలనుండి గ్రామవ్యాసములు వేలకొలదిగ సృష్టింపబడినవి. అట్టి చిన్న వ్యాసములను అచ్చట మొలకలందురు. ఈ మాట అందముగ నున్నది; మొలక యన్నంతనే నీరుపోయు బాధ్యత యెవరిదో యను ప్రశ్న పుట్టును. చలనచిత్రములకు పత్రికా ప్రకటనములు, పాటల పుస్తకములు ఆధారములైనవి. ఈ రెండింటి ప్రాబల్యమును చూచి తెలుగువారి యభిరుచిని నిందించువారు కలరు. నిందింపవలసినది అభిరుచిని కాదు. ఆ రెండు రంగములలో ఆధారములు సులభముగ దొరకినవి, అంతే.

ఆంగ్లమునందువలె తెలుగున సమీక్షకుల వరుసలు లేవు. నిర్వాహకులు కొలదిమంది. వారికి వీలు చిక్కినపుడు క్రొత్త వ్యాసములను చూతురు. సందేహమున్నచో తొలగింపు చర్చకు పెట్టుదురు. పెద్ద విషయములను రచ్చబండ యను చర్చాస్థలమున తేల్చుకొందురు. ఈ రచ్చబండ యను పేరును ఎన్నుకొన్నవారు అభినందనీయులు. అచ్చటి తీర్పులలో పల్లె రచ్చబండలోని గుణదోషములు రెండును కలవు: అందరు నందరి నెరుగుదురు. కావున ఆంగ్లమున క్రొత్తవాడు అనుభవించు అజ్ఞాతత్వము తెలుగున తక్కువ, మొగమాటము ఎక్కువ.

స్వీకారసమస్య తెలుగున వేరొక రూపమున వచ్చినది. 2009 మొదలు రెండు మూడు సంవత్సరములు గూగుల్ సంస్థ తన యనువాదోపకరణముతో, వేతనమిచ్చి నియమించిన అనువాదకులచే ఆంగ్లవ్యాసములను భారతీయభాషలలోనికి పెద్దయెత్తున తెప్పించినది. తెలుగునకు వచ్చినవానిలో దీర్ఘవ్యాసములు చాల కలవు. ప్రాముఖ్యనియమము ప్రకారము అవి నిర్దుష్టములు, ఆధారములు మెండు. లోపము భాషలో నున్నది. ఆంగ్లవాక్యమును తెలుగు మాటలతో నింపిన వాక్యములు, పాఠకుడు రెండుమార్లు చదివినను అర్థముకానివి, పుటలకొలది కలవు. తమిళ వికీపీడియావారు ఆ సంస్థతో నిబంధనములు మాటలాడుకొనిరి. వంగభాషవారు నాసిరకపు వ్యాసములను గ్రహింప నిరాకరించిరి. తెలుగున దిద్దుటయా, తొలగించుటయా యను చర్చ చాలకాలము నడచినది. ఆంగ్లమున ద్వారపాలకుడు ఆధారము నడిగెను. తెలుగున అడుగవలసినది, ఇది తెలుగేనా యని. భాషాపరీక్షకు నియమ మేర్పరచుట ఆధారపరీక్షకు నియమ మేర్పరచుటకంటె కష్టము. దీనికి తగిన నియమావళి మన భాషాశాఖలవారు చేయదగిన పని.

ఆధారపరీక్షయందు తెలుగునకు గల చిక్కు ఇంకొకటి కలదు. మన విజ్ఞానమున చాలభాగము వ్రాతకెక్కలేదు. ఒగ్గుకథ చెప్పువారు, జముకులకథ చెప్పువారు, తోలుబొమ్మలాటవారు తరతరములుగా కళను నిలుపుచున్నారు. చుక్క సత్తయ్యకు సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించినది; కావున పత్రికలు వ్రాసినవి; కావున ఆయనకు చోటున్నది. ఆయనతోడి తాళము వేసినవారికి లేదు. ఈ లోటును గుర్తించి 2011లో అచల్ ప్రభల అను భారతీయుడు వికీమీడియా ఫౌండేషను సాహాయ్యముతో ఒక ప్రయోగము చేసెను. మలయాళము, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి యను మూడు భాషలలో గ్రామక్రీడలను, స్థానికాచారములను ఎరిగినవారి మాటలను ధ్వనిముద్రణము చేసి, ఆ ముద్రణములనే వ్యాసములకు ఆధారములుగ చూపిరి. సంకల్పము ఉదాత్తము. అయినను అది సర్వామోదము పొందలేదు. ముద్రణము చేసినవాడే వ్యాసమును వ్రాసినచో అది మౌలిక పరిశోధనమగునని ఆక్షేపణము. ఆక్షేపణమున యుక్తి కలదు: చెప్పినవాని మాటను మరియొకడు పరీక్షించి ప్రకటించు నంచె అందు లోపించినది.

ఆ యంచె యెచ్చట నున్నది? విశ్వవిద్యాలయములలో నున్నది. బిరుదురాజు రామరాజుగారు ఊరూర తిరిగి సేకరించి, పరిశీలించి, 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యమును ప్రకటించిరి. దానివలన పల్లెపదములు పేర్కొనదగిన యాధారము గలవైనవి. పాడినవారి నోట నున్నంతవరకు అవి వికీపీడియా నియమమున లేనివానితో సమానము. పరిశోధకుడు పుటసంఖ్యతో ప్రకటించిన మరునాడు ఉన్నవి. కావున ఈ సర్వస్వపు అసలు ద్వారము దాని సమీక్షకుల వద్ద లేదు. మన పరిశోధనపత్రికల వద్ద, ముద్రణాలయముల వద్ద నున్నది. శాసనపాఠమును క్రొత్తగ నిర్ణయించిన విద్యార్థి దానిని నేరుగా వికీపీడియాలో వ్రాసినచో మౌలిక పరిశోధనమని తొలగింతురు. విద్వత్పరీక్షకు నిలిచిన పత్రికలో ప్రకటించినచో మరియొకడు దానిని చూపి వ్రాయగలడు.

ఇచ్చట సాధారణముగ కలుగు నొక యపోహను తొలగింపవలెను. ఆధారము అంతర్జాలమున లభింపవలెనను నియమము లేదు. గ్రంథనామము, సంపుటము, సంవత్సరము, పుట చూపినచో ముద్రితగ్రంథము చాలును. చూడలేని సమీక్షకుడు సందేహింపవచ్చును గాని, ఆ కారణముచేత త్రోసిపుచ్చరాదు. మన రచయితలు గ్రంథనామమును మాత్రము చెప్పి పుటను విడుచుటయు, పాత సంచికలకు సంపుటసంఖ్యలు సరిగ లేకపోవుటయు ఈ సందేహములకు ఆస్కారమిచ్చుచున్నవి. వికీపీడియాలోనిదానిని పత్రిక వ్రాయుట, ఆ పత్రికనే వికీపీడియా ఆధారముగ చూపుట యను చక్రకదోషము ఆంగ్లమున పలుమార్లు బయటపడినది. తెలుగున దానికి అవకాశము తక్కువ యని చెప్పజాలము.

సిద్ధాంతగ్రంథముల సంగతి వేరు. ఆంగ్ల వికీపీడియా మార్గదర్శకముల ప్రకారము డాక్టరేటు పట్టమునకై సమర్పింపబడి, జనులకు అందుబాటులో నున్న పరిశోధనగ్రంథమును ఆధారముగ గ్రహింపవచ్చును, జాగరూకతతో. స్నాతకోత్తర పట్టమునకై వ్రాసినదానిని, విద్వల్లోకమున గణనీయమైన ప్రభావము చూపిననే తప్ప, గ్రహింపరాదు. తెలుగు శాఖలలో జానపదకళాకారులపై, స్థానికకవులపై, గ్రామదేవతల కొలువులపై జరిగిన క్షేత్రపరిశోధనమున ఎక్కువభాగము అచ్చుకాని వ్రాతప్రతుల రూపమున నున్నది. టైపుచేసి అట్టకట్టిన ప్రతులు గ్రంథాలయపు పై యరలలో నున్నవి. వానిలో పేర్లు, ఊళ్లు, గురుపరంపరలు, ప్రదర్శించిన కథల పట్టికలు కలవు. పెక్కింటికి మరియొక సాక్ష్యము లేదు.